దున్నుబండి దీపిక: సటీకా తాత్పర్యము

అవతారిక

మామిడికాయ పక్వమునకు వచ్చి, వరికోతలు సగమై, కల్లములందు ధాన్యము పరచియుండు దినములలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల సాయంకాలము హఠాత్తుగా గాలిదుమారము లేచుటయు, స్తంభములు నేలకొరుగుటయు, ఊరంతయు నొక్కసారిగా చీకటిలో మునుగుటయు ఏటేట జరుగునదే. అట్టి రాత్రి "కరెంటెప్పుడొస్తదే?" అని అరుగుమీదినుండి ఒకడు ప్రశ్నించును. "స్తంభమే వడ్డదట, ఇగ రేపే" అని వీథిలోనుండి మరియొకడు ప్రత్యుత్తర మిచ్చును. అంతట గృహస్థుని చూపు దొడ్డిలో నిలిచియున్న ట్రాక్టరుమీదికి బోవును. పొలములో రోటావేటరును త్రిప్పు పీటీవో యను వెనుకటి ఇరుసు ఇంటికడ కరెంటు పుట్టించు ఆల్టర్నేటరును మాత్రము త్రిప్పలేదా యని యతనికి దోచును. దోచుట సులభము, కొనుట కష్టము. ఆ కష్టమును నివారింపదలచి మూలకర్త యీ యొక్క ఆటవెలదిలో శాస్త్రసర్వస్వమును నిక్షేపించినాడు.

ఈ శాస్త్రమునకు అధికారి సొంత ట్రాక్టరు గలవాడు. విషయము పీటీవోకు తగిలించు ఆల్టర్నేటరు. ప్రయోజనము గాలివాన రాత్రి వెలుగు. సంబంధము ఆ రెంటిని కలుపు కార్డాన్ షాఫ్టు.

మూలము

ఇంటి బరువు నెంచి యింజను వడి నెంచి
వీథితీగతోడి వియ్య ముడిపి
నేలకొక్క తంత్రి నిలిపిన వానికి
దున్నుబండివలన దొరకు వెలుఁగు.

ప్రతిపదార్థము

ఇంటి బరువున్ = గృహమందలి విద్యుద్భారమును; ఎంచి = లెక్కించి; ఇంజను వడిన్ = పీటీవో నిమిషమునకు తిరుగు చుట్లను; ఎంచి = పరీక్షించి; వీథితీగతోడి = స్తంభములవెంట బోవు తీగతో గల; వియ్యమున్ = సంబంధమును; ఉడిపి = పోగొట్టి; నేలకున్ = భూమికి; ఒక్క తంత్రిన్ = ఎర్తు తీగను; నిలిపిన వానికిన్ = నెలకొల్పిన గృహస్థునకు; దున్నుబండివలనన్ = ట్రాక్టరువలన; వెలుఁగు దొరకున్ = దీపప్రకాశము లభించును.

వ్యాఖ్య

"ఇంటి బరువు నెంచి": పది బల్బులకు 90 వాట్లు, నాలుగు పంకాలకు 300, ఫ్రిజ్జునకు 150, టీవీకి 100, వెరసి 640 వాట్లు. ఇంతమాత్రమునకు 45 అశ్వశక్తుల ఇంజనును తెల్లవార్లు మ్రోగించుట డీజిలునకును ఇరుగుపొరుగు నిద్రకును ద్రోహమే గదా, 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ బ్యాటరీతో ఇన్వర్టరు పెట్టుకొనిన చాలదా యని పూర్వపక్షము. దానికి సమాధానము. ఆ బ్యాటరీలో కాగితము మీద నున్నది 1800 వాట్ అవర్లు; పై భారమును అది మోయునది రమారమి రెండు గంటలు. ఫ్యూజు పోయిన సాయంకాలమునకు అది చాలును; స్తంభము పడిన రాత్రికి చాలదు. మరియు తెల్లవారి తొట్టి నింపవలసిన బోరుమోటారును సామాన్యమైన ఇంటి ఇన్వర్టరు కదల్పజాలదు. ఒక అశ్వశక్తి మోటారు తిరుగుచున్నప్పుడు ఇంచుమించు ఒక కిలోవాటు మాత్రమే తినునుగాని, లేచుక్షణమున దానికి అయిదారు రెట్ల కరెంటు కావలయును. ఆ యొక్క క్షణమే ఆల్టర్నేటరు పరిమాణమును నిర్ణయించును. ఇది యెరుగక కొనువాడు దుకాణమునకు బోయి "మా బామ్మర్ది 5 కేవీఏ కొన్నడు, నాకు గూడ గదే ఇయ్యి అన్నా" అనును. ఆ బావమరది ఇంట బోరుమోటారు కలదా లేదా యని తన్ను దాను అడుగుకొనడు. మోటారు గల ఇంటికి 10 కేవీఏయే క్షేమము.

ఇక 10 కేవీఏ యనగా 0.8 పవర్ ఫ్యాక్టరు చొప్పున 8 కిలోవాట్లు. కిలోవాటునకు రెండు అశ్వశక్తులు పీటీవోయందు ఉండవలెనని వాడుక లెక్క. అనగా 16 అశ్వశక్తులు. మన పల్లెలలో దమ్ము చేయు ట్రాక్టర్లన్నియు దీనికి మించినవే. కావున బలమునుగూర్చిన విచారము ఇంతటితో సమాప్తము.

"ఇంజను వడి నెంచి": బలమున్నచోట స్థైర్యముండవలెనన్న నియమము లేదు గనుక మూలకారుడు వడిని వేరుగా బేర్కొన్నాడు. పీటీవో నిమిషమునకు 540 చుట్లు తిరుగును. నాలుగు ధ్రువముల ఆల్టర్నేటరు 50 హెర్ట్జుల కరెంటు నీయవలెనన్న 1500 చుట్లు తిరుగవలయును. నడుమ గేరుబాక్సు ఒకటికి 2.78 వంతున వడి హెచ్చించును. మోటారు లేచినప్పుడు పీటీవో 500 చుట్లకు దిగెనా, హెర్ట్జులు 46కు దిగజారును. వోల్టేజీని సరిదిద్దుటకు ఏవీఆర్ అను పరికరము కలదు. వడిని సరిదిద్దుట దాని చేతిలోని పని కాదు, అది ఇంజను గవర్నరు ధర్మము. కావున ఫ్రీక్వెన్సీ మీటరు లేని ప్యానెలును అంగీకరింపరాదు. భారము లేనప్పుడు ముల్లు 51, 52 నడుమ నిలుచునట్లు థ్రాటిలు పెట్టి, పిమ్మట మోటారు వేసి, ముల్లు ఎంత దిగి యెంత త్వరగా మరల 50 దరికి వచ్చునో దుకాణము ముంగిటనే చూచుకొనవలయును. చెవితో విని "సాఫుగ నడుస్తుంది" అనుట ప్రమాణము కానేరదు.

ఇచ్చట కొందరు "ఇంజను ధర నెంచి" యని పఠింతురు. ఛందస్సు చెడదు గాని ఫ్రిజ్జు చెడును, కావున త్యాజ్యము. సిరిసిల్లలో మరమగ్గములు ఇంటి ప్రక్క షెడ్డులలోనే యుండుటచేత కొందరు "ఇంటి బరువు" అనుచోట "మగ్గ బరువు" అని దిద్దుదురు. ఒక్కొక్క మగ్గమునకు ఇంచుమించు ఒక అశ్వశక్తి మోటారు ఉండును. ఎనిమిది మగ్గముల నొక్కసారిగా ఇంటి జనరేటరుపై వేసిన, యతిభంగముతోపాటు యంత్రభంగమును గలుగును.

"వీథితీగతోడి వియ్య ముడిపి": పద్యమునకు ప్రాణము ఈ పాదమే. కరెంటు పోయినవేళ కొందరు రెండు కొనలను ప్లగ్గులున్న తీగను దెచ్చి, ఒక కొన జనరేటరున, రెండవ కొన గోడలోని సాకెట్టున గ్రుచ్చి, ఇల్లు వెలిగినదని సంతోషింతురు. మెయిను తీయుట మరచిరా, ఆ కరెంటు ఇంటితో నిలువదు; సర్వీసు తీగవెంట వీథిలోకి, వీథినుండి ట్రాన్స్‌ఫార్మరులోకి బోవును. 11,000 వోల్టులను 433కు దించు ఆ యంత్రము ఎదురునుండి వచ్చిన కరెంటును మరల వేల వోల్టులకు ఎత్తును. ఆ సమయమున లైను చచ్చినదని నమ్మి వానలో స్తంభమెక్కినవాడు లైన్‌మాన్. తెగిన తీగ ఎంతవరకు మిగిలియున్నదో, దానిలో ఎవని ఇంటి కరెంటు పారుచున్నదో అతనికి తెలియు మార్గము లేదు. ఇది పరహింస. వీథి కరెంటు తిరిగివచ్చినప్పుడు రెండు ప్రవాహములు తాళము తప్పి ఢీకొని ఆల్టర్నేటరు చుట్ట కాలుట ఆత్మహింస.

వియ్యము నుడుపు సాధనము చేంజోవర్ స్విచ్చి. ఒకవైపు పూర్తిగా విడిచి, నడుమ శూన్యస్థానమున నిలిచి, పిమ్మటగాని రెండవవైపు పట్టకుండుట దాని శీలము. సింగిల్ ఫేజు ఇంటికి రెండు పోళ్లది, త్రీఫేజు ఇంటికి నాలుగు పోళ్లది కావలయును. న్యూట్రలును గూడ విడదీయుటకే ఈ రెండవదియు నాలుగవదియు.

వీథితీగ సర్కారుది, మనకేమి యనువాడొక్కడు ఎల్లప్పుడు నుండును. జగిత్యాల, కోరుట్లలలో ఆ తీగ ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థది కావచ్చును. సిరిసిల్లలో ఆ మాటయు చెల్లదు. అచ్చట 1970 మొదలు సహకార విద్యుత్ సరఫరా సంఘము, జనుల నోట "సెస్", కరెంటు పంచుచున్నది; దేశములో ప్రయోగముగా మొదలైన తొలి అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘములలో అదియొకటి. వాడుకదారుడే సభ్యుడు, సభ్యుడే యజమాని. కావున అచ్చట ఇంటి జనరేటరును వీథిలోకి వదలినవాడు తన సంఘపు తీగలో, తన సంఘపు మనిషి చేతిలోకే కరెంటు పంపినవాడగును.

"నేలకొక్క తంత్రి": రబ్బరు టైర్లమీద నున్న యంత్రము నేలను తాకదు. లోపలి చుట్ట పొర చినిగినచో పైతొడుగంతయు కరెంటగును, తాకినవాని కాలే దానికి త్రోవ యగును. గుంత త్రవ్వి ఉప్పు, బొగ్గు వేసి నాటిన ఎర్తు రాడ్డు ఆ త్రోవను ముందే చూపును. వేసవిలో దానికి నీరు పోయుట నిత్యవిధి.

"దున్నుబండివలన": నిమిషమునకు 540 చుట్లనగా సెకనునకు తొమ్మిది. కప్పు లేని షాఫ్టునకు లుంగీ అంచో, చీరకొంగో, భుజముమీది తువ్వాలో చిక్కిన, చేయి చాచి లాగుకొనువ్యవధి యుండదు. కావున ప్లాస్టిక్ కప్పు గల షాఫ్టే గ్రాహ్యము. తలుపులు మూసిన కొట్టములో ఇంజను నడుపుట, పొగ విషమగుటచే, సర్వథా నిషిద్ధము.

తాత్పర్యము

ఇంటి భారమును కూడుకొని, మోటారు లేచుక్షణమునకు తగిన ఆల్టర్నేటరును ఎన్నుకొని, వడి నిలుకడను కంటితో పరీక్షించి, వీథినుండి ఇంటిని విడదీసి, నేలకు తీగ నిచ్చిన గృహస్థునకు ట్రాక్టరు వెలుగు నిచ్చునని భావము.

ఒక్క శంక మిగులును. స్విచ్చి యంత ముఖ్యమైనచో రెండవ పాదమున నేల చెప్పబడినది? పాఠక్రమముకంటె అర్థక్రమము బలవత్తరమని మీమాంసకుల సిద్ధాంతము. చదువుటకు బరువు మొదటిది. కొనుటకు స్విచ్చి మొదటిది. లోకమందు దీనికి విపరీతముగా, ఆల్టర్నేటరునకు వేలకు వేలు పోసి, అన్నిటిలోను చవుకైన చేంజోవరును "వచ్చే పంటకు సూద్దాం" అని వాయిదా వేయుట కానవచ్చుచున్నది. స్విచ్చికి డబ్బు చాలనివానికి ఆల్టర్నేటరునకును డబ్బు చాలలేదనియే యెరుగవలెను; వాడు వచ్చే పంటదాక లాంతరుతో గడుపుట శాస్త్రసమ్మతము.