నీడపట్టు విద్య

ఖమ్మము దాటి, కొత్తగూడెపు బొగ్గు గనుల నొరసికొనుచు, పాల్వంచ మీదుగా సాగి, గోదావరి వంతెన నెక్కి భద్రాచలము చేరులోపల, ఏ యూరి యరుగుమీద ఏ ఇంటర్ విద్యార్థిని పట్టుకొని "నాయనా, ముందేమి చదువదలచితివి?" అని యడిగినను "సీఎస్‌ఈ సార్" అనును. అది దొరకనిచో "సీఎస్‌ఈ ఏఐఎంఎల్". అదియు దక్కనిచో "సీఎస్‌ఈ డేటా సైన్స్". శ్రీమహావిష్ణువు పది యవతారములతో సరిపుచ్చుకొనెను గాని, సీఎస్‌ఈ ఎన్నింటితో తృప్తిపడునో వెబ్ ఆప్షన్ల జాబితాకే యెరుక.

చర్ల వైపునుండి వచ్చిన యొక చిరంజీవిని కొంత లోతుగా శోధించితిని.

"ఆ కంప్యూటర్ ముందర చేయు పని యేమిటోయ్?"

"ఏసీలో కూచుంటరు సార్."

"కూర్చుండి?"

"కూచునుడే సార్. శని, ఆదివారాలు సెలవు."

నవ్వవలసిన మాటయే, కాని 2024లో ఎప్‌సెట్ అని పేరు మార్చుకొన్న మన ఎంసెట్ జరుగు మండువేసవియే తునికాకు సేకరణకును అదను. తల్లి తెల్లవారకమునుపే అడవికేగి కోసి తెచ్చిన యాకును ఏబదేసి చొప్పున కట్టలు కట్టి, కళ్లములో కల్లేదారు కొప్పగించువేళ లెక్క తప్పినచో పట్టుకొనువాడు ఈ చిరంజీవియే. వేయి కట్టల కొక ప్రమాణపు సంచి, దానికెంత కూలి, పోయిన యేటి బోనసెంత బాకీ యన్నది కాగితము లేకయే తేల్చును. "ఓరి పిచ్చివాడా, డేటా సైన్సనిన ఇదియే గదరా!" యని నేను పరవశించి పలుకగా, "ఇది ఆకుల లెక్క సార్" అని నావంక మిక్కిలి జాలితో చూచెను.

కొత్తగూడెములో 1978లోనే గనుల విద్యకొక కళాశాల వెలసినది. 2025లో దానినే మన్మోహన్ సింగ్ పేర భూవిజ్ఞాన విశ్వవిద్యాలయముగా జేసిరి. అయినను తాతయు తండ్రియు బాయిలో దిగిన యింటి కుర్రవానికి, భూమినిగూర్చి తెలిసికొనవలసినది ఇంకను మిగిలియున్నదని నమ్మబలుకుట సులభము గాదు.

ఇక పరీక్ష ముంగిట హాల్ టికెట్లు చేతబూని భద్రాద్రి రాముని దర్శనమునకు బారులు తీరెడి పిల్లలను జూచినపుడెల్ల నాకొక యధర్మసందేహము కలుగును. పదునేడవ శతాబ్దిలో పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న, సర్కారు పన్నుల సొమ్ముతో ఈ కోవెల కట్టించి గోలకొండ చెరసాల పాలయ్యెను గదా. ఆనాడు ఖజానా లెక్కలు కంప్యూటరున కెక్కియున్నచో, మొదటి స్తంభము నిలువకమునుపే తానీషాకు వర్తమానమంది, కోవెలయు కీర్తనలును రెండును లేకపోయెడివి. అట్టి రాముని సన్నిధిలోనా వీరు సీఎస్‌ఈ సీటు కోరుట!

ఈ నడుమ కృత్రిమమేధ తానే ప్రోగ్రాములు వ్రాయుచున్నదని, రేపటి యుద్యోగముల గతి యేమగునోయని ఒక తండ్రి యెదుట గంభీరముగా హెచ్చరించితిని. ఆయన తలగుడ్డ విప్పి ముఖము తుడుచుకొని, క్షణమాలోచించి యడిగెను:

"పనంతా అదే జేసుకుంటే, మావోడు నీడపట్టునే ఉంటడు గదా సారూ?"