తులాభారంగారు

లోకమున మనుష్యులను కొలుచుటకు విద్య, ధనము, వంశము, వాక్చాతుర్యము మొదలగు కొలమానములు పెక్కులు వాడుకలో నున్నవి గాని, టెక్సాసు రాష్ట్రమున డాలసు మహానగరమునకు ఉత్తరపు శివారున, మా అమ్మాయి ఇంటికి మూడిండ్ల అవతల కాపురమున్న తెలుగు పెద్దమనిషి మాత్రము సమస్త ప్రపంచమును ఔన్సులలో కొలుచును. ఆయన అసలు పేరుతో మనకు పనిలేదు. మనస్సులో నేను ఆయనకు తులాభారంగారని పేరు పెట్టుకొని, ఒకనాడు నోరుజారి ఆయన భార్య యెదుటనే అనివేయగా, ఆ ఇల్లాలు చేతిలోని గరిటె క్రిందపెట్టి మరీ నవ్వి, "ఇన్నాళ్లూ ఈ పేరు ఎవరికీ తట్టలేదేం, బాబాయిగారూ!" అనెను.

ఆయన తెనాలి ప్రాంతమువాడు. తాతగారికి ఆ ఊర వెండి బంగారముల కొట్టు ఉండెడిదట. గురివిందగింజ యెత్తు తేడా వచ్చినను త్రాసుముల్లు వంక చూడకయే చెప్పగలిగిన చేయి ఆ తాతగారిది. మనుమనికి ఆ చేయి రాలేదు గాని ఆ చింత మాత్రము వచ్చినది. కంప్యూటరు కొలువుపై అమెరికా చేరిన ఈయనకు, వీసాపై నున్నంతకాలము, వేట లైసెన్సు వంటి మినహాయింపు ఏదియో ఉన్నచో తప్ప, తుపాకి ఉంచుకొనరాదను చట్టము అడ్డుపడుటచే, పండ్రెండేండ్లు నిరీక్షించి, గ్రీన్‌కార్డు చేతికందిన నెలలోనే రివాల్వరు కొనెను. అట్టి శుభసమయమున సాటివారు తిరుపతి మ్రొక్కు తీర్చుకొందురు. ఈయన ముందు తుపాకుల కొట్టునకు పోయి, మ్రొక్కు తరువాత తీర్చుకొనెను. ఎందులకని అడిగితిని. "టెక్సాసులో ఉన్నాక, మాష్టారూ..." అని మొదలిడి అంతటితో ఆగెను. ఆ వాక్యమును పూర్తిచేసినవారిని నేను ఇంతవరకు చూడలేదు.

లైసెన్సు పొందినవాడు తుపాకిని మరుగున ధరించి తిరుగుట ఆ రాష్ట్రమున 1996 జనవరి 1 నుండి చెల్లుచున్నది; 2021 సెప్టెంబరు 1 తరువాత ఆ లైసెన్సయినను తప్పనిసరి కాదు. అయినను కాగితము లేని హక్కు హక్కే కాదని నమ్మినవాడగుటచే ఈయన ఆ కాగితమును కూడ సంపాదించెను. చిక్కు అంతయు వేరొకచోట వచ్చినది. ఏ తుపాకి?

ఈ శాస్త్రమున రెండు మతములు కలవు. ఒకటి తేలిక మతము, రెండవది బరువు మతము. 1950లో కోల్టు కంపెనీవారు అల్యూమినియము చట్రముతో కోబ్రా అను చిన్న రివాల్వరును వెలువరింపగా, అదే సంవత్సరమున స్మిత్ అండ్ వెస్సనువారు నిండుగా ఉక్కుతో చీఫ్స్ స్పెషల్ అను దానిని వెలువరించిరి. కనుక ఈ ద్వైతము పుట్టినది ఆ యేటనే అని తులాభారంగారి సిద్ధాంతము. రెండేండ్లకే ఉక్కు పక్షమువారును ఎయిర్‌వెయిట్ అను పేర అల్యూమినియమునకు దిగిరి గనుక, మతాంతరీకరణము కూడ అప్పుడే మొదలయినదని ఆయన చేర్చును. నేటి ఎయిర్‌వెయిట్ రకము సుమారు 15 ఔన్సులు. అనగా పాత లెక్కను ముప్పదియారు తులములకు పైమాట. ఉక్కుతో చేసిన దాని తోబుట్టువు ఇంచుమించు 23 ఔన్సులు. స్కాండియము కలిపిన మిశ్రలోహపు రకము 12 ఔన్సులకును లోబడియే తూగును. మూడింటను పట్టునవి ఐదేసి తూటాలే. "ముప్పైయారు తులాల బంగారమైనా కొన్నారు కారు" అని ఇల్లాలి వ్యాఖ్య. ఆయన దానిని లెక్కలోని సవరణగా స్వీకరించి, పాత తులమా కొత్త తులమా అని అడిగెను.

తేలికదాని పక్షమున వాదించునపుడు ఆయన కన్నులు అరమోడ్పులగును. లాగు జేబులో వేసికొన్నచో బొత్తిగా తెలియదట. జేబురుమాలు కంటె కొంచెము మొండిగా ఉండునంతే. బరువని ఇంట వదలిపెట్టిన తుపాకి ఆపదలో అక్కరకు రాదు గదా! ఇంతలో బరువు పక్షము గుర్తుకు వచ్చి ముఖము గంభీరమగును. తూటా అదే, మందు అదే అయినప్పుడు, తుపాకి బరువు సగమయిన కొలది అది వెనుకకు తన్ను శక్తి రెట్టింపగును. న్యూటను మహాశయుని యెదుట ఎవరి పలుకుబడియు చెల్లదు. అంతియే గాక, అతితేలికదానిలో ఒక తూటా ప్రేలిన కుదుపునకు మిగిలిన తూటాల గుండ్లు తొడుగులనుండి ముందుకు జారి, సిలిండరును తిరుగనీయక బిగియబట్టుటయు కలదు. అన్నిటికంటె వింత ట్రిగ్గరుది: తుపాకి బరువు పౌనైనను ఉండదు గాని, దాని ట్రిగ్గరు లాగుటకు పది పన్నెండు పౌన్ల బలము కావలెను. అనగా ఆ వస్తువును పట్టుకొని నిలుచుట కంటె, దానిని కదలకుండ నిలుపుచు వ్రేలు వంచుట పదింతల శ్రమ. ఇంత తెలిసినవాడు ఏదో ఒకదానిని ఎన్నుకొనవలదా? ఆయన రెండును కొనెను.

లైసెన్సు పరీక్షకు ఏబది తూటాలు కాల్చవలెను: మూడు గజముల దూరమునుండి ఇరువది, ఏడు గజములనుండి ఇరువది, పదునైదు గజములనుండి పది. మోసుకొని తిరుగబోవునది దేనినో దానితోనే పరీక్ష ఈయవలెనను ధర్మబుద్ధితో ఆయన తేలికదానిని తీసికొనిపోయెను. 250కి 175 వచ్చిన చాలు, వచ్చినవి. ఆనాటి రాత్రి మేము వారింట భోజనమునకు పోతిమి. ముద్దపప్పు, ఆవకాయ, క్రొత్తనెయ్యి. తులాభారంగారు కుడిచేతి బొటనవ్రేలి మొదట అణా బిళ్లంత కమిలిన మచ్చను దాచుకొనుచు, ఆవకాయ అన్నమును చెంచాతో తినుచుండిరి. జీవితములో నేను అనేక దైన్యములను చూచితిని గాని, ఆవకాయ అన్నమును ఎడమచేతి చెంచాతో తినుచున్న తెనాలివానిని చూచుట అదియే ప్రథమము.

మరుసటి నెల బరువు పక్షము గెలిచినది. ఒక మిత్రుని గృహప్రవేశమున సత్యనారాయణవ్రతము. పీటల మీదివారికి సాయముగా కూర్చుండవలసి వచ్చుటచే పంచె తప్పనిసరియైనది. పూర్వము ఆయన తాతగారు పొడుముకాయ దోపుకొన్న రొంటిలోనే, తోలు ఒరతో సహా ఆ ఉక్కు ముద్దను దోపుకొని వచ్చెను. మొదటి కథకు పంచె బొడ్డు క్రిందికి దిగినది. మూడవ కథకు ఆయన ఎడమచేయి శాశ్వతముగా నడుమునకు అంటుకొన్నది. హారతి వచ్చినది, అందరును రెండు చేతులతో కన్నుల కద్దుకొనగా ఈయన ఒక చేతితోనే కానిచ్చెను. ఆ ఇంటి ముసలమ్మగారు జాలిపడి, "నడుం పట్టేసిందా నాయనా?" అని లోపలికి పోయి అమృతాంజనము సీసా తెచ్చి, స్వయముగా పూయుటకు చేయి చాచిరి. ఆయన వెనుకకు జరిగెను, ఆమె ముందుకు జరిగెను. ఆ ప్రదక్షిణము ఎట్లు ముగిసినదో చెప్పుటకు నాకు సిగ్గు. దాచవలసినది దాగినదని మాత్రము ఆయన తృప్తిపడెను.

ఇంతకును ఆయన దానిని ఎచ్చటికి మోసికొనిపోవును? ఆఫీసులోనికి రానీయరు. పిల్లల బడికి నిషిద్ధము. గుడి వాకిట, చట్టము విధించిన మాటలతో, ఇంగ్లీషున ఒకసారి, స్పానిషున ఒకసారి, అంగుళమెత్తు అక్షరములలో వలదని బోర్డు కలదు. భక్తులలో ముప్పాతికమంది తెలుగువారైనను తెలుగున లేదని ఆయన సణిగెను గాని, బోర్డును మన్నించెను. ఇక మిగిలినవి కూరగాయల అంగడియు, వంటింటి బల్లయు. కూరగాయల అంగడికి ఇల్లాలు ఆయనను రానీయదు, ఒక్కొక్క వంకాయను చేతిలో ఎగురవేసి తూచునని.

కనుక ఆ రివాల్వరులు ఎక్కువగా ప్రయాణించినది వంటింటి త్రాసు మీదికే. గుండ్రని ముఖము, ఎఱ్ఱని ముల్లు గల స్ప్రింగు త్రాసు అది. తూటాలు తీసివేసి, సిలిండరు తెరచి, మూడుసార్లు చూచి, రివాల్వరును దానిపై పరుండబెట్టి ఆయన అనును: "చూడండి మాష్టారూ, అచ్చువేసిన తూకం ఒకటి, అసలు తూకం ఒకటి. ఏది కొన్నా రెండు ఔన్సులు ఎక్కువే. లోకమంతా మోసం." ఇంతలో ఇల్లాలు, మైసూరుపాకు ఎంత కుదురుగా చేసినను ఈ దేశపు శనగపిండి మహిమవలన రాయి అగుచున్నదని నిట్టూర్చి, నాకు ఒక బిళ్ల పెట్టును. పుస్తె వలె దానిని కాగితమున చుట్టి జేబున దాచుకొనుట నాకును అలవాటైనది.

మొన్న ఆదివారము ఆయన మూడవదానిని తెచ్చెను. అటు తేలికయు కాక, ఇటు బరువును కాక, 19 ఔన్సుల చిల్లర తూగు పాతకాలపు చీఫ్స్ స్పెషల్. "దొరికింది మాష్టారూ, మధ్యేమార్గం!" అని బుద్ధభగవానుని వలె ప్రకాశించుచు త్రాసుపై పెట్టబోవుచుండగా, ఇల్లాలు శనగపిండి డబ్బాతో వచ్చి, "ముందు నన్ను పిండి తూచుకోనివ్వండి" అని, త్రాసును తన వైపునకు త్రిప్పుకొనెను.

పైన ఏమియు లేదు. ఎఱ్ఱముల్లు రెండు ఔన్సుల మీద నిలిచి యుండెను.

ఆమె ఆయన వంక చూచెను. ఆయన ముల్లు వంక చూచెను. నేను జేబులోని మైసూరుపాకును తడుముకొంటిని.