నూటికి ఐదు

నేను సత్తు క్యారేజీని. మూడు గిన్నెలు, పక్కన గొళ్లెం, పైన పిడి. వాల్మీకిపురంలో, పెద్దవాళ్ల నోట ఇంకా వాయల్పాడే, ఒక ఇంటి అటకమీద ఉన్నాను. వానల్లేక చెనిక్కాయ ఎండిపోయిన ఏడు మా పెద్దాయన నన్ను చేతపట్టుకుని కోలారు బంగారు గనికి పోయినాడు.

అడుగు గిన్నెలో రాగి సంగటి, నడిమి గిన్నెలో ఊరుబిండి, పైదాంట్లో మజ్జిగ. గనిలోకి దింపే ఇనుప పంజరంలో, కేజీలో, దిగుతుంటే మనుషులకు చెవులు దిబ్బెళ్లు పడేవి. లోతుకు పోయేకొద్దీ రాయే కాగుతుంది. సంగటి ముద్ద చేత్తో పట్టుకుంటే మోచేతి నుంచి కారిన చెమట నా అంచుమీద పడేది. ఎక్కడో రాయి పగిలిన చప్పుడైతే నమిలే నోళ్లన్నీ ఒక్కసారిగా ఆగేవి.

ఆ గనులను 1880లో జాన్ టేలర్ కంపెనీ చేపట్టింది. పెట్టుబడి లండన్‌ది, యంత్రాలూ వాళ్లవే. నేల మైసూరు సంస్థానానిది. కంపెనీ కాలంలో సంస్థానానికి దక్కిన రాయల్టీ నూటికి ఐదు. గనిలో దిగిన చిత్తూరు మెట్టవాళ్లకు, ఉత్తర ఆర్కాటువాళ్లకు కూలి. తర్వాత గని మన ప్రభుత్వం చేతికి వచ్చింది, ఖర్చు గిట్టక 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. నూటఇరవై ఏళ్లలో దాదాపు 800 టన్నుల బంగారం వెళ్లిపోయింది. బంగారం తీయగా మిగిలిన సైనైడ్ మట్టి దిబ్బలు మాత్రం అక్కడే ఉన్నాయి. గాలి లేస్తే ఆ దుమ్ము నేటికీ ఇళ్లమీదే పడుతుంది.

గ్రహశకలాలను తవ్వుతారట అని విన్నప్పుడు నాకు ఆ నూటికి ఐదే గుర్తొచ్చింది. అంతరిక్షం ఏ దేశం సొత్తూ కాదని, దాని వినియోగం అన్ని దేశాల మేలుకేనని 1967 ఒప్పందం చెప్పింది. తవ్వి తీసిన లోహం ఎవరిదో మాత్రం చెప్పలేదు. 1979 నాటి చంద్రుడి ఒప్పందం ఆ వనరులు మానవజాతి ఉమ్మడి వారసత్వమని, వర్ధమాన దేశాల అవసరాలు చూసి పంచాలని తేల్చింది. భారత్ 1982లో సంతకం పెట్టింది కానీ దాన్ని ఆమోదించలేదు. ఈలోగా అమెరికా 2015లో, లక్సెంబర్గ్ 2017లో, తవ్వినవాడికే హక్కు దక్కేలా చట్టాలు చేసుకున్నాయి. 2023 జూన్‌లో మనమూ అమెరికా ముందుండి నడిపించే అంతరిక్ష అన్వేషణ మీది ఆర్టెమిస్ ఒప్పందాల్లో చేరాం.

ర్యుగు అనే గ్రహశకలం నుంచి జపాన్ తెచ్చింది అయిదు గ్రాముల పైచిలుకు, బెన్నూ అనే మరోదాని నుంచి అమెరికా తెచ్చింది 121 గ్రాములు. సరుకు ఇంకా ఇంతే ఉంది కాబట్టి వాటాలు రాసుకోవడానికి అదను ఇదే. కోలారులో ఎవరి వాటా ఎంతో తాడూ యంత్రమూ ఉన్నవాడే తేల్చాడు.

లాభంలో వాటా ఒక్కటే చాలదు. నా లోహం సంగతే చూడండి. 1850ల్లో అల్యూమినియం బంగారంతో పోటీపడే ఖరీదు. 1886లో కరెంటుతో తీసే పద్ధతి దొరికాక ధర కూలి, కూలివాడి సంగటి గిన్నె అయింది. అది పేదింటికి మేలే. మరి పైనుంచి ప్లాటినం కుప్పలుగా దిగిందంటే? ప్రపంచంలో ప్లాటినం ఎక్కువగా తవ్వేది దక్షిణాఫ్రికా. అక్కడి గనివాడికి అదే బతుకు. గని మూస్తే ఇంటికి ఏం చేరుతుందో నేను చూశాను: 2001 మార్చిలో మా పెద్దాయన నన్ను ఖాళీగా మోసుకొచ్చాడు.

సముద్రం విషయంలో ప్రపంచం ఇంతకన్నా ముందుచూపు చూపింది. సముద్రగర్భం తవ్వితే నేలమీద అదే లోహం తీసే పేద దేశాలు దెబ్బతింటాయని గ్రహించి, వాటికి సాయం అందించే ఏర్పాటును సముద్ర చట్టంలోనే రాసుకుంది. వియన్నాలో ఐక్యరాజ్యసమితి అంతరిక్ష కమిటీ వనరుల సూత్రాలమీద చర్చిస్తోంది. అక్కడ కూర్చున్న మన ప్రతినిధి పట్టుబట్టి అడగాల్సింది రెండు: తవ్వకం మొదలవకముందే ప్రతి దేశానికీ వాటా, మూతపడే గనుల మనుషులకు అందులోంచే ఒక నిధి.