సిస్టరు మాట వినకుండా రోగిని చూసుకోవడం ఎలా?

ఈ రెండేళ్లలో మా ఇంట్లో ఒకరికి కంటి ఆపరేషను అయింది, ఒకరికి చెవిలో చీము పట్టింది, ఒకరికి పక్షవాతం వచ్చింది. ముగ్గురికీ తోడుగా కూర్చున్నది నేనే. నర్సింగు చదవలేదన్న మాటే గానీ, ఆసుపత్రి వరండాలో నేను తాగినన్ని టీలు ఏ సిస్టరూ తాగి ఉండదు. ఆ అనుభవంతో చెబుతున్నాను, రాసుకోండి.

ముందు కన్ను. మా అత్తయ్యకి శుక్లాలు తీసి, రెండు రకాల చుక్కల మందులిచ్చి పంపారు. ఒకటి వేశాక ఐదు నిమిషాలు ఆగి రెండోది వెయ్యాలట. ఎందుకమ్మా అంటే, వెంటనే వేస్తే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుందండీ అంది సిస్టరు. ఐదు నిమిషాలంటే మాటలా? సీరియల్లో అత్తాకోడళ్ల తగువు ఒకటి తేలిపోతుంది. రెండూ కలిపి పోసెయ్యండి. పొయ్యండి అనే అంటున్నాను. కింది రెప్ప లాగి ఒక్క చుక్క వేస్తే చాలు, కంట్లో అంతకన్నా పట్టదు, మిగతాది చెంప మీదికి కారిపోతుందని ఆ అమ్మాయి వాదన. డబ్బు పెట్టి కొన్న మందు, చెంప మాత్రం మనది కాదా? సీసా మూతిని రెప్పకి ఆనించి వెయ్యండి, గురి తప్పదు. తెరిచి నెల దాటిన సీసా పారెయ్యమంటారు. ఫ్రిజ్‌లో ఆవకాయ పక్కన దాచండి. పక్కింటివాళ్లకి కళ్లకలక వచ్చినప్పుడు ఇస్తే పుణ్యం. అందులో స్టెరాయిడ్ ఉందండీ, డాక్టరు చూడకుండా నెలల తరబడి వేసుకుంటే కంట్లో ఒత్తిడి పెరిగి చూపు పోతుందండీ అని బెదిరిస్తుంది. పుణ్యకార్యానికి ఆటంకాలు మామూలే.

నాలుగో రోజున అత్తయ్య కన్ను చింతనిప్పైంది. నొప్పి, చూపు మసక. దిష్టి అన్నాను. ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేశాను. ఆ ఘాటుకి రెండో కన్ను కూడా ఎర్రబడింది. ఇంతలో ఆవిడ కూతురు ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కించి తీసుకుపోయింది. లోపల ఇన్ఫెక్షన్ అట, ఆ పూటే కంట్లోకి సూదితో మందు ఎక్కించారట. కన్ను దక్కింది. దిష్టి తియ్యకపోతే దక్కేదా, మీరే చెప్పండి.

చెవికి ఎక్కువ సరంజామా అక్కర్లేదు. పిన్నీసు, అగ్గిపుల్ల, స్కూటర్ తాళం, ఏది చేతికందితే అది. చీము కారుతుంటే వెల్లుల్లి వేసి కాచిన నూనె పొయ్యండి. కర్ణభేరికి చిల్లుంది, నూనె కాదు కదా నీటిచుక్క కూడా పోకూడదని మా తోడల్లుడికి చెప్పి పంపారు. చిల్లున్నది అందుకే కదా, మందు లోపలిదాకా పోవడానికి! డాక్టరు రాసిన చుక్కల్ని కూడా సీసా గుప్పిట్లో పట్టుకుని కాస్త వెచ్చబడ్డాక వెయ్యాలట. నేను ఫ్రిజ్‌లోంచి తీసి జిల్లుమనేలా వేశాను. కళ్లు తిరిగి పావుగంట గోడ పట్టుకుని నిలబడ్డాడు. మందు పనిచేస్తోందనడానికి అంతకన్నా రుజువేం కావాలి? చుక్కలు వేసేటప్పుడు పెద్దవాళ్ల చెవిదొప్పని పైకీ వెనక్కీ లాగాలట, మూడేళ్ల లోపు పిల్లలదైతే కిందికీ వెనక్కీ. నాకు తెలిసింది ఒకటే దిక్కు, చిన్నప్పుడు లెక్కల మాస్టారు మెలిపెట్టిన దిక్కు.

ఇక పక్షవాతం. బావగారికి ఓ సోమవారం పొద్దున ఆరింటికి, కాఫీ తాగుతుండగా మూతి వంకరపోయింది. గ్లాసు పట్టుకున్న కుడి చెయ్యి వాలిపోయింది. మాట ముద్దైంది. అక్కయ్య ఫోను కోసం పరిగెత్తింది. నేను ఆపాను. 2005లో పంద్రాగస్టున 108 బండ్లు మొదలైనప్పుడు చప్పట్లు కొట్టినవాణ్ణే నేను. కానీ పొద్దున్నే మన గుమ్మం ముందు సైరన్ మోగితే వీధిలో ఏమనుకుంటారు? పైగా సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. ఈలోపు పావురం నెత్తురు పూస్తే వాతం లాగేస్తుందని ఎవరో అన్నారు. పావురం దొరకడానికి గంటన్నర పట్టింది. అవి మామూలుగా మన బాల్కనీ వదలవు గానీ, కావాల్సినప్పుడు ఒక్కటీ ఉండదు.

పదకొండున్నరకి చేర్పించాం. చిన్న డాక్టరు గడియారం చూసుకున్నాడు. గడ్డ కరిగించే ఇంజక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువట. అదీ స్కానింగ్‌లో రక్తస్రావం లేదని తేలాకే. నిమిషానికి 19 లక్షల మెదడు కణాలు పోతాయని కూడా అన్నాడు. బావగారికి అన్ని ఉన్నాయంటే అక్కయ్యే నమ్మలేదు.

వార్డులో రెండు గంటలకోసారి పక్కకి తిప్పమంటారు, లేకపోతే వీపున పుండ్లు పడతాయట. నిద్రపోతున్న మనిషిని లేపడం పాపం కాదూ? కూర్చోబెట్టాల్సి వస్తే పడిపోయిన చెయ్యే పట్టుకుని లాగండి, అది ఎలాగూ ఎదురు తిరగదు. భుజం కీలు జారుతుంది బాబాయిగారూ అని సిస్టరు అరిచింది. ఆవిడ అరవొచ్చు, మనం అరవకూడదట. బావగారితో కాస్త గట్టిగా మాట్లాడితే, ఆయనకి చెవులు బాగానే ఉన్నాయండీ, అన్నీ అర్థమవుతున్నాయి, మాటే రావట్లేదు అంది.

పక్క మంచం కుర్రాడికి ఫిట్స్ వచ్చినప్పుడూ ఇదే వరస. నేను చేతిలో తాళాలగుత్తి, నోట్లో స్పూను పెట్టబోతే స్పూను లాక్కుంది. వాణ్ణి ఒక పక్కకి తిప్పి, గోడ గడియారం చూస్తూ నిలబడింది. ఐదు నిమిషాలు దాటితే ఇంజక్షన్ ఇవ్వాలట. రెండు నిమిషాల్లో తగ్గిపోయింది. గుత్తి మహిమ అని వాళ్ల నాన్నకి తర్వాత చెవిలో చెప్పాను.

బావగారి మంచానికి ఓ అట్ట వేలాడదీశారు, నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు అని. మింగగలరో లేదో చూడకుండా పడితే నీళ్లైనా ఊపిరితిత్తుల్లోకి పోతాయట. అట్టలు బయటివాళ్లకి గానీ బావమరిదికి కాదు. పైగా ఆ రోజు తాగుతూ తాగుతూ వదిలేసిన కాఫీ అది, నాకు మనసొప్పలేదు. సాయంత్రం ఫ్లాస్కులోంచి అరగ్లాసు పోసి, తల ఎత్తి పెదాలకి ఆనించాను. ఆయన ఎడమ చేత్తో గ్లాసు తోసేశారు. మొదటినుంచీ మొహమాటస్తుడు. మళ్లీ పట్టాను. మళ్లీ తోశారు, నా చొక్కా మీదంతా కాఫీ. నా కళ్లలోకి చూస్తూ ఏదో చెప్పబోయారు. మూడు రోజులుగా ఆయన నోట వస్తున్నది ఒక్కటే మాట, ఆ పూటా అదే వచ్చింది.

"అదీ..."

చూశారా, నేను చెప్పిందే కరెక్టంటున్నారు అని అక్కయ్యతో అన్నాను. ఆవిడ నా వైపు చూడలేదు. ఫ్లాస్కు తీసుకెళ్లి సిస్టరు బల్ల మీద పెట్టి వచ్చింది.