ముందుచక్రముల మౌనవ్రతము

కాడుగోడి యొకప్పుడు పల్లెయన్న మాటకు నేడు మిగిలిన సాక్ష్యములు రెండే. 2023 మార్చి 25వ తేదీన ప్రారంభమైన మెట్రో స్టేషనుకు ‘వైట్‌ఫీల్డ్’ అని పెద్దపేరు పెట్టి, ప్రక్కనే కుండలీకరణములలో ‘కాడుగోడి’ని బందీగా కూర్చుండబెట్టిన నామఫలకము మొదటిది, మా బావమరిది ట్రాక్టరు రెండవది. అపార్టుమెంటు గోపురముల నడుమనుండి అది హోసకోటె దారి పట్టి రాగిచేనికి పోవుచుండ, మెడలో గుర్తింపుకార్డులు వ్రేలాడ స్టేషను మెట్లు దిగు యువకులు దానిని పురావస్తువును జూచినట్లు చూతురు.

గత శ్రావణమున ఆ చేనిలో ట్రాక్టరు దిగబడెను. వెనుకచక్రములు బురద చిమ్ముచు పాతాళాభిముఖముగా త్రవ్వుకొని పోవుచుండ, ఫోర్‌వీల్ లివరు వేసియున్నను, ముందుచక్రములు రెండును పెండ్లిపందిట నలిగిన వియ్యంకులవలె కదలక మెదలక కూర్చుండెను.

“నిన్న రోడ్డుమీద బాగానే తిరిగినవే!” అంటిని.

“ఎడ్లబండి చక్రం గూడా తిరుగుతాదన్నా. దానికి ఇంజనుందా?” అనెను మెకానిక్కు.

నడుచు బండి ముందుచక్రమును నేలయే త్రిప్పును. అది లాగుచున్నదో, లాగబడుచున్నదో చూపరికి తెలియదు. ముప్పది యేండ్లు ఆఫీసులో ఇట్టివారి నడుమ మసలియు నాకీ యూహ తట్టకపోవుట చిత్రము.

మరియొక ట్రాక్టరు గొలుసుతో మమ్ము గట్టెక్కించిన పిదప, మెకానిక్కు లివరు వేసి, గేరులో నుంచి, ఇంజనాపి, వెనుకచక్రములకు రాళ్లడ్డము పెట్టి, ముందుచక్రము నొక్కదానిని జాకీతో లేపి చేత త్రిప్పెను. లంకె పడియున్నచో బిగుసుకొనియుండవలసిన ఆ చక్రము తిరునాళ్ల రంగులరాట్నమువలె హాయిగా తిరిగెను. అంతట గేరుపెట్టెనుండి ముందు ఇరుసునకు పోవు షాఫ్టు చూడుమని నన్ను బండిక్రింద పరుండబెట్టెను. చక్రము తిరిగి షాఫ్టు తిరుగకున్న రోగము ముందు ఇరుసు పండ్లలో నున్నట్లు. రెండును తిరిగిన, వెనుక గేరుపెట్టె దిక్కున. మొదటిదానికి డబ్బు కావలెను, రెండవదానికి ఓపిక చాలవచ్చును. షాఫ్టు తిరిగెను. బావమరిది ఊపిరి పీల్చుకొనెను.

ఇచ్చట పాఠకునితో నొక రహస్యము చెప్పవలసియున్నది. పాత అల్లునికి ఆషాఢపు నిషేధము లేదు గనుక ఆ మాసముననే వచ్చి, డీజిలుకై బంకుదాక నేనే ట్రాక్టరు తోలితిని. రెండింటికన్న నాలుగు మిన్నయను గణితముచే తారురోడ్డుపై లివరు వేసితిని. ముందుచక్రములు నూటికి ఒకటి మొదలు అయిదు వంతులవరకు వడిగా నడుచునట్లు అమర్చబడియుండునట; చేనిలో ఆ హెచ్చు మట్టిలో జారి తీరిపోవును; తారుపై జారుటకు వీలులేక ఆ పెనవేత షాఫ్టులో నిలిచి, పండ్లు కరచుకొని, లివరు వెనుకకు రాదు. రెండడుగులు రివర్సు నడిపిన తనంతట వదలెడిది. నేనో, కాళ్లు తన్నిపెట్టి, రెండుచేతుల దానిని పట్టి వ్రేలాడితిని. ‘టక్కు’మను ధ్వనితో వచ్చెను. ఆ ధ్వనిని గూర్చి ఎవ్వరికిని చెప్పలేదు.

మెకానిక్కు లివరు కడ్డీనుండి పిన్ను నొకదాని నూడదీసెను. అది వంకీవలె వంగియుండెను. లివరు పూర్తిగా వచ్చినను లోపలి ఫోర్కు సగమే జరిగి, పండ్లు పండ్లనందుకొనలేదు.

“ఎవరో బో బలమున్న మనిషి లాగినాడన్నా దీన్ని!” అనెను.

పుట్టి బుద్ధెరిగిన నాటినుండి నన్నొకరు బలవంతుడనుట అదియే మొదలు.

“ఎవరై ఉంటారు బావా?” అని మా బావమరిది అడిగెను. నేను మరల బండిక్రింద దూరి, షాఫ్టును మిక్కిలి శ్రద్ధతో పరీక్షించుచుంటిని.