కవరు తొడిగిన పళ్లెం

భాగ్యనగరమా, నిన్ను పొగడాలనే కూర్చున్నాను. పొగుడుతూనే నిలదీయడం మనవాళ్లకు పాత అలవాటు. కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళంలోని ఆంధ్రమహావిష్ణువును ఆంధ్రనాయక శతకం పొడుగునా అలాగే పిలిచాడు. భక్తి లేనివాడికి అంత చనువు రాదు. ముప్ఫై ఏళ్లుగా పొద్దున్నే నీ వీధుల్లో కడుపు నింపుకుంటున్నవాణ్ణి, నాకూ ఆ చనువుంది. నేను చెప్పబోయే పొగడ్తల్లో ఒక్కటీ అబద్ధం కాదు. విని, నీకు నువ్వే లెక్క చూసుకో.

ముందుగా నీ మెలకువ. ఇంత పెందలాడే అతిథి కోసం పొయ్యి వెలిగించే ఊరు నేను మరొకటి చూడలేదు. ఊరంతా మత్తుగా పడుకున్న వేళ మోజంజాహీ మార్కెట్ దగ్గర రామ్ కీ బండీ చుట్టూ జనం మూగి ఉంటారు. పాతబస్తీలో రాత్రంతా సన్నటి సెగ మీద ఉడికిన నహారీ తెల్లవారేసరికి గిన్నెల్లోకి దిగుతుంది. నహార్ అంటే అరబ్బీలో పగలు, ఆ పేరులోనే పొద్దుటి పూట ఉంది. దాని పక్కన నాలుగు మూలల నాన్ కావాలంటే పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్ బట్టీ ఉంది. 1851 నుంచి అక్కడ నిప్పు ఆరలేదని చెప్పుకుంటారు. చార్మినార్ నీడలో నిమ్రా కేఫ్‌లో ఉస్మానియా బిస్కెట్ల పళ్లాలు పొయ్యిలోంచి వస్తూనే ఖాళీ అవుతాయి. రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ కేఫ్ ముందు చాయ్ గ్లాసు చేతికి అందాకే చాలామందికి తెల్లవారుతుంది. కిచిడీ, ఖీమా, నువ్వులూ చింతపండూ కలిపిన ఖట్టా, ఈ మూడూ ఒకే పళ్లెంలో పెట్టుకుని పొద్దున్నే తినే భాగ్యం నీ పిల్లలది. అబిడ్స్ తాజ్‌మహల్ హోటల్లో ఇడ్లీ తిన్న తాతలు మనవల్ని తీసుకొచ్చి అదే హాల్లో కూర్చోబెడుతున్నారు. ఉప్మా పెట్టి మడిచిన పెసరట్టుకు ఎమ్మెల్యే హోదా ఇచ్చిందీ నువ్వే. కోస్తా నుంచి వచ్చినవాడి అల్లం పచ్చడి, ఉడిపివాడి సాంబారు, మూలమలుపులో దుకాణం పెట్టుకున్న ఇరానీ చాయ్. ఎవరేం తెచ్చినా కాదనకుండా నీదిగా చేసుకున్నావు. 2019 అక్టోబరు 31న యునెస్కో నిన్ను ఆహార కళకు సృజనాత్మక నగరంగా ఎంచింది. మన దేశంలో ఆ పేరు దక్కిన తొలి నగరానివి నువ్వు. నీకు దక్కక ఎవరికి దక్కుతుంది? ఆ వార్త చదివిన రోజు నా సొంత ఇంట్లో శుభకార్యం జరిగినట్టు అనిపించింది.

ఇక నీ చెయ్యి. అంత పెద్ద చెయ్యి ఏ అన్నదాతకూ లేదు. మా వీధి మలుపులో బండి మీద దోశ పోయడం నిలబడి చూస్తాను. పెనం మీద పిండి గుండ్రంగా తిరిగిందో లేదో ఎర్రకారం పడుతుంది. దాని మీద పప్పులపొడి, ఉల్లి, టమాటా, గరిటెడు ఉప్మా, ఒక ముద్ద బంగాళదుంప కూర. అన్నిటినీ కలిపి మెదిపి, పైన చీజు తురిమి, అంచుల వెంట బటర్ జార్చి, మడిచాక నెత్తిన ఇంకో ముద్ద పెట్టి ఇస్తారు. నువ్వు ఎంత పెట్టావో చూసి కళ్లు చెమర్చాలి. కానీ తల్లీ, ఈ పెట్టుబళ్లన్నిటి కింద దోశ ఉందని ఎలా తెలుసుకోవడం? మినప్పప్పూ బియ్యమూ నానబెట్టి, రుబ్బి, రాత్రంతా మూత పెట్టి ఉంచితే తెల్లారేసరికి గిన్నె అంచుదాకా పొంగే పిండికి ఒక పులుపు వాసన ఉంటుంది. పెనం తగలగానే వేయి కళ్లు విచ్చుకుని, అడుగు ఎర్రగా కాలి, అంచు లేస్తుంది. మా అమ్మ దాన్ని చూసే పిండి పులిసిందో లేదో చెప్పేది. ఇప్పుడు పిండి పులవకపోయినా పట్టుకునేవాడు లేడు. చీజు కింద పులుపును ఎవరు వెతుకుతారు? ఒకరోజు ఉత్తి దోశ వెయ్యమన్నాను. “గది ఎవ్వరు తింటరు సార్?” అని దోశలు వేసే అబ్బాయి నిజంగానే ఆశ్చర్యపోయాడు. దోశ వేస్తున్నంతసేపూ పక్కనున్న బటర్ డబ్బా మీద అక్షరాలు చదివాను. వెన్న అన్న మాట ఎక్కడా లేదు. ఫ్యాట్ స్ప్రెడ్ అని ఉంది. ఆ అబ్బాయిని తప్పుపట్టను, అతను చదివి కొన్నది ధర ఒక్కటే. బటర్ దోశ అని బోర్డు మీద రాయించుకుని, ఏది వెన్నో ఏది కాదో తెలుసుకోవాలన్న పట్టింపు లేకుండా తినే మన నాలుకది ఆ తప్పు.

పొదుపులోనూ నీకు సాటి లేదు. పొద్దున బోండాలు వేగిన నూనెలోనే సాయంత్రం పునుగులూ మిరపకాయ బజ్జీలూ వేగుతాయి. మర్నాడు దాని మీదే కొత్త నూనె కలుస్తుంది. కాగి కాగి నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని పారెయ్యాలని 2018 నుంచి దేశమంతటా నియమం ఉంది. మూకుడులో నూనె నల్లబడి, చిక్కబడి, నురగ కక్కుతుంటే ఏ పరికరమూ లేకుండానే తెలుస్తుంది. కళ్లుండీ తింటున్నాం.

నీ సమదృష్టి సంగతి చెప్పాలి. బండి దగ్గర ఆటో డ్రైవరు, హైటెక్ సిటీ ఇంజనీరు, కూలికి పోయే మేస్త్రీ, రాత్రి డ్యూటీ దిగిన నర్సు ఒకరి భుజం ఒకరికి తగిలేలా నిలబడి తింటారు. పేరు అడగవు, కులం అడగవు, ఎవరికైనా అదే చట్నీ. ఎన్నో సభలు పెట్టి సాధించలేనిదాన్ని ఒక ఇడ్లీ పాత్ర దగ్గర రోజూ సాధించి చూపిస్తున్నావు. ఇందులో నాకు ఇసుమంత అనుమానం లేదు. అయితే ఆ సమానత్వం మోకాళ్లు గట్టిగా ఉన్నవాళ్లకే. డెబ్బై ఆరేళ్ల మా అమ్మను ఒక ఆదివారం తీసుకెళ్లాను. కూర్చోడానికి స్టూలు లేదు. దుకాణం మెట్టు మీద కూర్చోబోతే మెట్టు మీద సాంబారు మరకలు. చివరికి ఆటోలో కూర్చుని, పళ్లెం ఒళ్లో పెట్టుకుని తింది. “ఇడ్లీ బాగుందిరా. చెయ్యెక్కడ కడుక్కోవాలి?” అంది. నేను చుట్టూ చూశాను. చెయ్యి కడుక్కోడానికి అక్కడ ఉన్నది ఒక్క జగ్గు. అందులోవి తాగే నీళ్లు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఆ చెయ్యి దగ్గరే మొదలైంది.

నీ శుభ్రత ఎంతటిదంటే నీ పళ్లేనికి ఎంగిలి అంటదు. స్టీలు పళ్లెం మీద పల్చటి ప్లాస్టిక్ కవరు బిగించి ఇస్తావు. ఒకరు తినగానే కవరు ఊడదీసి డబ్బాలో పడేసి, అదే పళ్లేనికి ఇంకో కవరు తొడిగి తరవాతి మనిషికి అందిస్తావు. పళ్లెం తళతళలాడుతూ ఉంటుంది. పొద్దున అయిదు నుంచి పదకొండు దాకా దానికి నీటి చుక్క తగలదు. పొగలు కక్కే ఇడ్లీలు నాలుగు ఆ కవరు మీద పడతాయి. పైన సాంబారు పోస్తారు. ఆ వేడికి కవరు ముడుచుకుని ఇడ్లీ అడుగుకు అతుక్కుంటుంది, చెంచాతో లాగితే ఇడ్లీతోపాటు లేస్తుంది. ఒకసారి నా కవరు చిరిగి, గోరంత ముక్క ఇడ్లీలో కలిసి నోట్లోకి వచ్చింది. వేడి, నూనె, పులుపు, ఈ మూడూ ప్లాస్టిక్‌లోని రసాయనాలు తిండిలోకి దిగడానికి తోడ్పడేవే. సాంబారులో మూడూ ఉన్నాయి. 2022 జులై 1 నుంచి దేశంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, చెంచాలు, కప్పులు నిషిద్ధం. ప్లాస్టిక్ పళ్లెం పోయింది, స్టీలు పళ్లేనికి ప్లాస్టిక్ తొడుగు మిగిలింది.

ఆ ఇడ్లీ బండి నడిపే ఆమెను అడిగాను, కవరెందుకక్కా, పళ్లెం కడిగి ఇవ్వరాదా అని. ఆమె కోప్పడలేదు. “నీళ్లు యాడికెళ్లి తేవాలె అన్నా? పొద్దుగాల రెండు డ్రమ్ములు ఇంటికాడికెళ్లి మోసుకొస్తం. తాగేటందుకే సాల్తలేవు, ప్లేట్లు దేనితోని కడగాలె?” అంది. ఆమె తెల్లవారుజామున రెండింటికి లేచి పిండి, చట్నీలు, సాంబారు సిద్ధం చేసి, నాలుగున్నరకల్లా బండి నిలుపుతుంది. ఆ రెండు డ్రమ్ముల నీళ్లు కూడా ఆమె బిందెలతో నింపి తోసుకొచ్చినవే. రోజుకు కొన్ని వందల పళ్లేలు కడగాలంటే ఎన్ని డ్రమ్ములు కావాలో ఆమె చెప్పక్కర్లేదు. ఆ కవరు ఆమె బద్ధకం కాదు. నువ్వు ఇవ్వని నీళ్లకు ఆమె వెతుక్కున్న బదులు.

నీళ్ల విషయంలో నీ ప్రతాపం నాకు తెలియనిది కాదు. 1908లో మూసీ ముంచెత్తితే, ఆ వరదను పట్టి నిలిపి గండిపేటగా, హిమాయత్‌సాగర్‌గా మార్చుకున్నావు. ఒకటి 1920లో, ఇంకొకటి 1927లో పూర్తయ్యాయి. చంపబోయిన ఏటిని తాగే నీరుగా చేసుకున్నావు! మంజీర వచ్చింది. నాగార్జునసాగర్ నుంచి కృష్ణమ్మ వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో నడిచి వచ్చింది. ఇంకా దూరాన ఎల్లంపల్లి నుంచి గోదావరీ నీ గుమ్మం తొక్కింది. రెండు మహానదులు వచ్చి నీళ్లు పోసే భాగ్యం ఎన్ని నగరాలకుంది? అంత దూరం నడిపించుకొచ్చిన నదుల్ని మెయిన్ రోడ్డు కింది పైపు నుంచి ఫుట్‌పాత్ మీది బండి దాకా నాలుగు గజాలు నడిపించలేకపోయావు. యునెస్కో పట్టా తెచ్చుకోగలిగావు. ఆ పట్టా తెచ్చిపెట్టిన చేతికి ఒక కుళాయి ఇవ్వలేకపోయావు.

చట్టం లేక కాదు. వీధి వ్యాపారుల జీవనోపాధికి రక్షణ ఇచ్చే చట్టం 2014లోనే వచ్చింది. పట్టణ విక్రయ కమిటీలు ఉండాలని, వ్యాపారుల ప్రతినిధులకు అందులో చోటుండాలని, విక్రయ స్థలాలు గుర్తించి అక్కడ వసతులు చూడాలని అందులో ఉంది. మా వీధి మలుపులో పదిహేనేళ్లుగా బండి నిలుస్తోంది. ఆ పదిహేనేళ్లలో ఆ చోట రోడ్డు మూడుసార్లు తవ్వారు, ఒకసారి నీటి పైపు కోసమే. ఆ పైపు బండి కిందినుంచే పోతోంది.

పెద్ద హోటళ్ల బ్రంచ్ మాటా అనుకోవాలి. ఆ మాట పుట్టింది 1895లో, ఇంగ్లండులో. శనివారం రాత్రి పొద్దుపోయేదాకా మేలుకున్నవాళ్లు ఆదివారం ఆలస్యంగా లేచి, పొద్దుటి తిండీ మధ్యాహ్నపు తిండీ కలిపి తినడం ఎంత హాయో చెబుతూ గై బెరింజర్ వ్యాసం రాశాడు. బంజారాహిల్స్‌లో, గచ్చిబౌలిలో ఇప్పుడది మనిషికి రెండు మూడు వేల రూపాయల పండగ. ఒకసారి ఒక మిత్రుడు పిలిస్తే వెళ్లాను. జొన్న ఇడ్లీ, రాగి దోశ, మట్టి మూకుడులో పెరుగూ ఉల్లిపాయా కలిపిన చద్దన్నం పెట్టారు. రుచిగానే ఉన్నాయి. మా ఊళ్లో పొలానికి పోయేవాళ్లు ఎండకు ముందు తిన్న తిండి అంత గౌరవంగా వడ్డించడం చూసి సంతోషించాను. పింగాణీ పళ్లేలు వేడి నీళ్లతో కడిగినవి, ఒక్కోటి ఇంకా వెచ్చగా ఉంది. పొద్దుటి తిండిని శుభ్రమైన పళ్లెంలో పెట్టడం నీకు చేతనవునని అక్కడ రుజువైంది. అది కొనగలిగినవాళ్లకే చేస్తావనీ రుజువైంది.

ఇంత చెప్పాక కూడా రేపు తెల్లవారితే నేను వెళ్లేది ఆ బండి దగ్గరికే. ఆమె ఇడ్లీ అంత మెత్తన. ఆమె పల్లీ చట్నీలో పచ్చిమిరప ఘాటు సరిగ్గా ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతుంది. నహారీ కోసం నెలకోసారి పాతబస్తీకీ పోతాను. నిన్ను వదిలి ఏ ఊళ్లోనూ నా కడుపు నిండదు.

చదివేవారికి ఒక్క మనవి. పూర్వం మోదుగాకు విస్తళ్లలో, మన్యంలో అడ్డాకుల్లో తిన్నవాళ్లం మనం. కవరు మనకు తాతల నాటి అలవాటేమీ కాదు. రేపు టిఫినుకు వెళ్లేటప్పుడు ఇంట్లోంచి ఒక స్టీలు పళ్లెం పట్టుకెళ్లండి. “కవరు వద్దక్కా, ఇందులో పెట్టు” అని అడగండి. నేను నెల రోజులుగా అడుగుతున్నాను, ఆమె ఒక్కసారీ కాదనలేదు. ఇప్పుడు మా వీధిలో అలా తెచ్చుకునేవాళ్లం నలుగురం అయ్యాం. మేం నలుగురం సంతకాలు చేసి, బండి పక్కన ఒక కుళాయి కావాలని వార్డు ఆఫీసులో అర్జీ ఇచ్చాం. మీ వీధి బండి కోసం మీరూ ఒక అర్జీ ఇవ్వండి.