ఆరు దోషాలు

పోరుమామిళ్ల అల్లుణ్ని. అత్తారింట్లో అల్లుడికి తినడం, పడుకోవడం తప్ప పనేముంటుంది? అందుకే ఈ సంక్రాంతికి ఊరి చెరువు దగ్గర ఓ డబ్బా దాచాలని నిశ్చయించుకున్నాను.

దీన్ని జియోక్యాషింగ్ అంటారు. జీపీఎస్‌లో కావాలని కలుపుతున్న తేడాను 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం తీసేసింది. మర్నాడే ఓరెగాన్‌లో డేవ్ అల్మర్ అనే ఆయన అడవిలో ఓ బకెట్ దాచి, అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. వెతికి పట్టుకున్నవాళ్లు లోపలి పుస్తకంలో సంతకం పెట్టి, డబ్బాను ఉన్నచోటే పెట్టేసి రావాలి. అంతే ఆట.

"బీరువాలో తువ్వాలు దొరకని మనిషి ఊళ్లోవాళ్ల చేత డబ్బాలు వెతికిస్తాడట" అంది మా ఆవిడ. నా తప్పేముంది? ఫోన్ నాలుగైదు మీటర్ల తేడాతో చోటు చెబుతుంది. ఈవిడ "అక్కడే ఉంటుంది, సరిగ్గా చూడండి" అంటుంది.

డబ్బాను భూమిలో పాతకూడదు. చూసుకునేవాళ్లు దగ్గర్లో ఉండాలి. ఆ పనికి మా మామగారు ఒప్పుకున్నారు, కానీ ముందు నాకు చెరువు గురించి పాఠం చెప్పారు. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడట. రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. 1369 నాటి శాసనంలో మంచి చెరువుకుండాల్సిన లక్షణాలు 12, ఉండకూడని దోషాలు 6 చెప్పారట.

పన్నెండూ చెప్పబోతుంటే మా ఆవిడ అడ్డుపడింది. "ఆ ఆరూ చెప్పు నాన్నా, చాలు."

కట్టలోంచి నీరు కారడం. "ఇంట్లో ఏ మాట చెప్పినా సాయంత్రానికి వాళ్లమ్మకు చేరుతుంది."

చవుడు నేల. నా నెత్తి వైపు చూసింది. ఏమీ మొలవదు కదా.

రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. అత్తాకోడళ్ల మధ్య నా కాపురం గురించి నేనే ఒప్పుకున్నాను.

చెరువు మధ్యలో మిట్ట. మా అత్తగారు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. నేను పొట్ట లోపలికి లాక్కున్నాను. మిట్ట కదల్లేదు.

నీళ్లు తక్కువ, పారాల్సిన నేల ఎక్కువ. జీతం సంగతి. దానికెవరూ నవ్వలేదు.

నేల తక్కువ, నీళ్లు ఎక్కువ. "విషయం గోరంత, మాటలు కొండంత" అంది. ఆరు శతాబ్దాల కిందటి రాయి మీద నా జాతకం ఇంత కచ్చితంగా ఉంటుందనుకోలేదు.

మర్నాడు కట్ట పక్కన రాళ్ల సందులో డబ్బా పెట్టి, మేకలు కాసే కుర్రాడికి నా మీద అనుమానం రాకుండా ఈల వేసుకుంటూ వచ్చేశాను. డబ్బాను ఆట వెబ్‌సైట్‌లో చేర్చమని పెట్టిన దరఖాస్తుకు అనుమతి ఇంకా రాలేదు. వెతకడానికి ఎవరూ రాలేదు. అయినా సంతకాల పుస్తకం సగం నిండిపోయింది. మామగారు పొద్దున నడకకు వెళ్లినప్పుడల్లా తేదీ వేసి రాస్తున్నారు. మొన్న ఓ పేజీ ఫొటో పంపించారు:

"కట్ట బాగుంది. తూము బాగుంది. అల్లుడు ఫోన్ చేయలేదు."